కొత్త ఖద్దరులో గంజిని ఎంజైమ్‌తో తీయడం ఎలా?

పొందూరు ఖద్దరు తెచ్చుకుని ఇంట్లోనే రంగు వేసుకోవాలనుకునేవాళ్లకు మొదటి అడ్డంకి గంజి. మగ్గం మీద పడుగు పోగులు తెగకుండా గంజి పట్టిస్తారు. అది ఉంటే రంగు సమంగా పట్టదు, మచ్చలు మచ్చలుగా పడుతుంది. మామూలు ఉతుకుకు పూర్తిగా పోదు. అలాగని బండకేసి బాదకండి. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికిన సన్న పోగు అది.

గంజిలో ఉండేది పిండిపదార్థం, అంటే గ్లూకోజ్ అణువుల పొడవాటి గొలుసు. బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా నుంచి తీసే ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ ఈ గొలుసును మధ్యమధ్యలో తెంపుతుంది. మిగిలిన చిన్న ముక్కలు నీళ్లలో కరిగిపోతాయి. నూలు కూడా గ్లూకోజ్ గొలుసే, కానీ అందులో అతుకులు వేరు. అమైలేజ్ దాని జోలికే పోదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే.

రంగుల సామాను అమ్మేచోట ‘డీసైజింగ్ ఎంజైమ్’ అని అడగండి. బయోవాష్ ఎంజైమ్ ఇస్తే మాత్రం తీసుకోవద్దు. జీన్స్‌ను మెత్తబరిచే ఆ సరుకులో ఉండే సెల్యులేజ్ నూలునే తినేస్తుంది. పొడి కంటే ద్రవం మేలు, పొడి పీలిస్తే ఎలర్జీ రావచ్చు. చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

ముందు బట్ట అంచున, కనపడని చోట, నీళ్లు కలిపిన అయోడిన్ చుక్క వేయండి. నీలి నలుపు రంగు వస్తే గంజి ఉన్నట్టు.

తర్వాత బట్టను వేడినీళ్లలో తడిపి పిండండి. అరకిలో బట్టకు పది లీటర్ల నీళ్లు కావాలి. సగం మరిగే నీళ్లు, సగం చన్నీళ్లు కలిపితే 60 డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది. చాలా రకాలకు ఆ వేడి సరిపోతుంది, అయినా డబ్బా మీద ఏం రాసి ఉందో చూడండి. చన్నీళ్లు కలిపాకే ఎంజైమ్ పోయాలి, మరిగే నీళ్లలో పోస్తే మామూలు రకం పాడైపోతుంది. మోతాదు డబ్బా మీద చెప్పినంతే. సబ్బు, బ్లీచింగ్ పౌడర్ అస్సలు తగలనివ్వొద్దు. మూతపెట్టి గంటసేపు నానబెట్టండి, మధ్యలో రెండుమూడుసార్లు తిరగేయండి.

ఆ నీళ్లు వంపేసి, వేడినీళ్లతో, సబ్బుతో ఉతికి బాగా జాడించండి.

మళ్లీ అయోడిన్ చుక్క వేసే ముందు బట్ట పూర్తిగా చల్లారాలి, సబ్బు పోవాలి. వేడి మీద గంజి ఉన్నా నీలం కనపడదు, సబ్బు కూడా ఆ రంగును చెరిపేస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. నీలం వస్తే పని కాలేదు. ఊదా, ఎరుపు వస్తే సగం అయింది, ఇంకోసారి నానబెట్టండి. అయోడిన్ పసుపు రంగు మారకపోతే రంగుకు బట్ట సిద్ధం. ఆ మచ్చను విటమిన్ సి మాత్ర కరిగించిన నీళ్లు పోగొడతాయి.

బోయిడాన్, ఎఫ్రాంట్ అనే శాస్త్రవేత్తలు 1917 ప్రాంతంలో బ్యాక్టీరియా అమైలేజ్‌ను పరిశ్రమకు తెచ్చినప్పుడు దాని వాడకం బట్టల్లో గంజి తీయడానికే. ఇప్పుడు అదే కుటుంబపు ఎంజైమ్‌లు డిటర్జెంట్లలో అన్నం, గ్రేవీ మరకలు వదిలిస్తున్నాయి. 100 డిగ్రీల పైన కూడా తట్టుకునే రకాలు మొక్కజొన్న పిండిని గ్లూకోజ్ సిరప్‌గా, నూకలను ఇథనాల్‌గా మార్చే పనిలో మొదటి మెట్టు.

ఒక్క మాట, గంజి కరిగిన నీళ్లను చెరువులోకి వదలొద్దు. అవి కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గిపోయి చేపలు చనిపోతాయి. సబ్బు కలవని ఆ మొదటి నీళ్లను చల్లారాక కొబ్బరిచెట్టు పాదులో పోయొచ్చు.