చల్లటి థర్మోస్టాట్ కొనే ముందు

చెన్నై మౌంట్ రోడ్డు ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకెక్కుతోందని చల్లటి థర్మోస్టాట్ (తక్కువ వేడికే తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) కొంటే డబ్బు దండగ. అది ఇంజన్ వేడికి కింది హద్దును మాత్రమే నిర్ణయిస్తుంది. పూర్తిగా తెరుచుకున్నాక భారమంతా రేడియేటర్, ఫ్యాన్‌లదే.

చాలా కార్లలో కంపెనీ థర్మోస్టాట్ 82-92 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు వెళ్లే కారుకైనా 8-10 డిగ్రీలు తగ్గిస్తే చాలు. 71 డిగ్రీలది రోడ్డు కారుకు వద్దే వద్దు: ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరవ్వదు, పీ0128 కోడ్‌తో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. ఫ్యాన్ మాత్రం పాత 98 దగ్గరే తిరగడం మొదలుపెడితే ట్రాఫిక్‌లో ఒరిగేదేమీ లేదు. ట్యూన్‌లో, అంటే ఈసీయూ సెట్టింగుల్లో, దాన్నీ దించాలి. అయితే థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకునే వేడి కంటే కిందికి దించకండి, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

జీపీ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా బిగించే ముందు పరీక్షించండి. వాల్వు సందులో దారం ఇరికించి, గిన్నె అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడదీసి, సన్నటి మంట మీద కాచండి. వాల్వు తెరుచుకోగానే థర్మోస్టాట్ దారం వదిలేసి కిందికి జారుతుంది. ఆ క్షణంలో థర్మామీటర్ చూడండి. థర్మోస్టాట్‌కు చెప్పిన వేడికి రెండు మూడు డిగ్రీల తేడా ఫర్వాలేదు.

నిలువుగా కూర్చునే రకమైతే గాలి పోయే చిన్న పిన్ను పైకి ఉండాలి, లేకపోతే గాలి బుడగ చిక్కుకుంటుంది. గ్యాస్కెట్ కొత్తదే వేయండి. కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని) కూలెంట్ అయితే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి, బోరు నీళ్లు కాదు.