గుర్రానికి బూట్లు కొనే ముందు గిట్ట కొలవండి

మా రాణి గుంటూరు శివార్లలో ఉంటుంది. దానికి లాడాలు కొట్టించలేదు. అందుకే కంకర దారుల్లో నడిపించేటప్పుడు గిట్టలకు బూట్లు తొడుగుతాను. మొదటిసారి అందాజుగా పెద్ద సైజు కొన్నాను. పది నిమిషాల్లోనే బూటు పక్కకు తిరిగిపోయి, మడమ మీద వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడింది. ఆ మచ్చ చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

గిట్టలు చెక్కించిన ఒకటి రెండు రోజుల్లోనే కొలవండి, వారాలు గడిస్తే పెరిగిపోతాయి. కాలెత్తి, అడుగున ఎక్కువ వెడల్పున్న చోట ఒక కొలత తీయండి. ముందు కొస నుంచి మడమ దగ్గర గిట్ట గోడ (చుట్టూ ఉండే గట్టి అంచు) ముగిసేదాకా రెండో కొలత. వెనకున్న మెత్తటి ఉబ్బును కలపొద్దు, నేను చేసిన తప్పు అదే. మిల్లీమీటర్లలో రాసుకోండి. ముందు గిట్టలు సాధారణంగా గుండ్రంగా, వెనకవి కోలగా ఉంటాయి, కాబట్టి నాలుగూ కొలవాలి.

తొడిగాక బూటును రెండు చేతులతో మెలితిప్పి చూడండి. తిరిగితే వదులు. సుత్తితో కొడితే గానీ ఎక్కకపోతే బిగుతు. సరిపోయిందనిపిస్తే మొదటిరోజు పావుగంట నడిపించి, విప్పి, మడమ చుట్టూ వేళ్లతో తడిమి చూడండి. వేడిగా తగిలినా, వెంట్రుకలు చెదిరినా ఆ సైజు వెనక్కిచ్చేయండి.