గరాజ్ సేల్‌లలో పాత వడ్రంగి పనిముట్లు ఎలా ఏరుకోవాలి?

అమెరికాలో ఎస్టేట్ సేల్ (ఇల్లంతా ఖాళీ చేస్తూ సామాను అమ్మేది) తలుపు తెరవగానే చాలామంది ముందు గదిలోనే ఆగిపోతారు. పింగాణీ సామాను, దీపాలు, నగలు అక్కడే ఉంటాయి మరి. నేను మాత్రం నేరుగా బేస్‌మెంట్ మెట్లు దిగుతాను. ఆ ఇంటి పెద్దాయన పని చేసుకున్న బల్ల సాధారణంగా అక్కడ ఉంటుంది. గోడకి చిల్లుల బోర్డు, దానికి వేలాడే రంపాలు, కాఫీ డబ్బాల్లో మేకులు, మరలు, బల్ల కింద ఎప్పుడో మూసేసిన చెక్క పెట్టె. నాకు దొరికిన మంచి పనిముట్లు ఎక్కువగా అలాంటి పెట్టెల్లోవే.

నేనుండేది న్యూజెర్సీలో. వందేళ్ళ కిందట అమెరికా అంతటికీ చేతి పనిముట్లు పంపిన ఊళ్ళు మాకు కారులో వెళ్ళేంత దూరంలోనే ఉన్నాయి. రంపాలు చేసిన డిస్టన్ కంపెనీ ఫిలడెల్ఫియాలో 1840లో మొదలైంది. చెక్కని నునుపు చేసే చిత్రికలకు పేరుపడ్డ స్టాన్లీది కనెక్టికట్‌లోని న్యూ బ్రిటన్. కొలత పనిముట్ల స్టారెట్ కంపెనీ మసాచుసెట్స్‌లోని ఏథల్‌లో 1880లో పుట్టింది. అందుకే ఈ చుట్టుపక్కల పాత ఇళ్ళలో ఈ సరుకు ఇంకా దండిగా దొరుకుతుంది. మీరు వేరే రాష్ట్రంలో ఉన్నా వెతికే పద్ధతి ఇదే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ముందే ఒక మాట. తుప్పు చూసి వదిలేయకండి. పగులు కనిపిస్తే మాత్రం కొనకండి. తుప్పుకి మందు ఉంది, పోత ఇనుములో వచ్చిన పగులుకి లేదు.

1. ఇంట్లో కూర్చుని ఫొటోలు చూడండి

గరాజ్ సేల్ అంటే ఇంటివాళ్ళే వాకిట్లో పెట్టి అమ్మేది. ఎస్టేట్ సేల్ అంటే ఇంటి పెద్ద పోయాకో, వయసు మీదపడి వేరే చోటికి మారాకో ఇల్లంతా ఖాళీ చేయడానికి అమ్మేది. ఎక్కువగా దీన్ని ఒక కంపెనీ చూసుకుంటుంది. రెండింటి ప్రకటనలూ వారం మధ్యలోనే ఆన్‌లైన్‌లో వచ్చేస్తాయి.

ప్రకటనలో రాసిన మాటల కన్నా ఫొటోల మూలలే ఎక్కువ చెబుతాయి. కుట్టు మిషన్ ఫొటో వెనకాల వైస్ (వస్తువుని కదలకుండా పట్టి ఉంచే ఇనప బిగింపు) బిగించిన బల్ల కనిపిస్తోందా? గోడకి రంపం పిడి ఏమైనా కనిపిస్తోందా? పెద్దది చేసి చూడండి. చిన్న చిన్న సొరుగులున్న ఓక్ చెక్క పెట్టె కనిపిస్తే ఆ ఇంట్లో మెషినిస్టు, అంటే మిషన్ల మీద లోహపు భాగాలు చేసేవాడు, ఉండేవాడని దాదాపు ఖాయం. స్టారెట్ స్కేళ్ళు, మూలమట్టాలు అలాంటి పెట్టెల్లోనే దొరుకుతాయి. "గరాజ్ నిండా సామాను" అని ఒక్క వాక్యం రాసి ఫొటో పెట్టని ఇళ్ళకి కూడా నేను వెళ్తాను. అక్కడ పోటీ తక్కువ.

2. సంచి సర్దుకోండి

చిన్న టార్చి, ఆరంగుళాల స్టీలు స్కేలు, పాత గుడ్డ, చేతి తొడుగులు, ఒక స్క్రూడ్రైవర్. డబ్బు చిన్న నోట్లలో ఉంచుకోండి. ఇరవై డాలర్ల వస్తువుకి వంద నోటు ఇస్తూ బేరమాడితే వాళ్ళకీ ఇబ్బంది, మీకూ మొహమాటం.

ఎస్టేట్ సేల్‌లో తలుపు దగ్గర పేర్ల కాగితం పెట్టడమో, నంబర్లు ఇవ్వడమో జరుగుతుంది. పొద్దున్నే వెళ్ళి ఆ వరసలో మీ పేరు పడేలా చూసుకోండి. మొదటి రోజు ధర పూర్తిగా ఉంటుంది, చివరి రోజు చాలాచోట్ల సగానికి ఇస్తారు. మంచి చిత్రిక చివరి రోజు దాకా ఆగదు. బరువైన వైస్ మాత్రం ఆగుతుంది, మోసుకెళ్ళేవాళ్ళు తక్కువ కాబట్టి.

3. చిత్రికని తిరగేసి చూడండి

ఎక్కువ కనపడేవి స్టాన్లీ ఇనప చిత్రికలు. ముందు భాగంలో నంబరు ఉంటుంది. 4 నంబరుది సుమారు 9 అంగుళాలు, చివరి నునుపుకి. 5 నంబరుది 14 అంగుళాలు, అన్ని పనులకీ. 7 నంబరుది 22 అంగుళాలు, పొడుగు చెక్కల అంచు సరిచేయడానికి. మొదటిసారి కొనేవాళ్ళకి నా సలహా 5 నంబరు. ఎక్కడ చూసినా అదే ఉంటుంది, ధరా తక్కువే.

చేతిలోకి తీసుకోగానే తిరగేయండి. అడుగున బ్లేడు బయటకొచ్చే సన్నటి గాడి ఉంటుంది కదా, దాన్ని చిత్రిక నోరు అంటారు. ఆ నోటికి రెండు పక్కలా ఇనుము సన్నగా ఉంటుంది. కింద పడితే పగులు మొదలయ్యేది అక్కడే. టార్చి పక్క నుంచి వేసి, గుడ్డతో మట్టి తుడిచి, వేలిగోరు నడపండి. వెంట్రుకంత గీత గోరుకి తగిలినా పక్కన పెట్టేయండి. పక్క గోడల మీద పసుపు రంగు గీత కనిపిస్తే అక్కడ ఒకసారి విరిగితే ఇత్తడి పోసి అతికారని అర్థం. నేను కొన్న రెండో చిత్రికకి ఆ గీత ఉంది. చూసి కూడా అందంగా ఉందని కొన్నాను. నెల తిరక్కుండా అదే చోట విడిపోయింది.

తర్వాత బ్లేడు. పైనున్న మూత లివర్ లేపితే బ్లేడు, దాని మీద వంపు తిరిగిన ఇంకో ఇనప ముక్క చేతికొస్తాయి. లేపేముందు అమ్మేవాళ్ళని అడగండి. బ్లేడు వెనక వైపు, అంచుకి దగ్గరగా, తుప్పు తిని చిన్న చిన్న గుంటలు పడ్డాయేమో చూడండి. పొడిలా రాలే ఎర్ర తుప్పు పర్వాలేదు. గుంటలు అంచు దాకా ఉంటే ఎంత సాన పట్టినా అంచు రాదు. అయినా అదొక్కటే లోపమైతే నేను కొంటాను. కొత్త బ్లేడ్లు ఇప్పటికీ చేస్తున్నారు, పాత శరీరానికి సరిపోతాయి. మరలు పోయి ఉంటే మాత్రం ఆలోచించండి. స్టాన్లీ పాత మరల కొలతలు ఇప్పటి కొలతలతో కలవవు, మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరకవు. ఇంకో పాడైన చిత్రిక కొని దాంట్లోంచి తీసి పెట్టుకోవాలి.

వయసు కనిపెట్టడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. బ్లేడు ఆనుకునే ఏటవాలు దిమ్మె వెనకాల, పోత ఇనుములోనే పేటెంటు తేదీలు ఉంటాయి. అక్కడ 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19, 1910 ఏప్రిల్ 19 అని మూడు తేదీలుంటే అది సుమారు 1910, 1918 మధ్య చేసింది. బ్లేడు మీద హృదయం బొమ్మలో ఎస్, డబ్ల్యూ అక్షరాలుంటే 1920 తర్వాతి కాలంది. స్టాన్లీ వర్క్స్ అధ్యక్షుడు విలియం హార్ట్ పేరుకి గుర్తుగా పెట్టిన ముద్ర అది. బ్లేడు మారిపోయి ఉండొచ్చు కాబట్టి శరీరం మీది తేదీలనే ఎక్కువ నమ్మండి.

4. రంపాన్ని కంటి దగ్గర పెట్టుకోండి

పిడి కంటి దగ్గర పెట్టి, తుపాకీ గురి చూసినట్టు పళ్ళ వరస వెంబడి చూడండి. మొత్తం రేకు కొద్దిగా విల్లులా వంగితే సరిచేయొచ్చు. ఒకే చోట మడత పడి ఉంటే వదిలేయండి. పళ్ళు మొద్దుబారాయని బాధపడకండి, ఎలాగూ ఆకురాయి పట్టాల్సిందే. పళ్ళు విరిగి ఉంటేనో, పళ్ళ మొదట్లో తుప్పు గుంటలుంటేనో ఆలోచించండి.

పిడికి ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దాని మీద డిస్టన్ పేరుంటే సంతోషం. డిస్టన్ కుటుంబం 1955లో కంపెనీని అమ్మేసింది. అంతకు ముందువాటిలో కొన్నిటి పిడి ఆపిల్ చెక్క, చేతికి అమరినట్టు చెక్కి ఉంటుంది. ఆ పిడి ఒకసారి పట్టుకుంటే ఇప్పటి ప్లాస్టిక్ పిడి పట్టబుద్ధి కాదు. పిడికి దగ్గరగా రేకు మీద 8, 10 లాంటి అంకె కనిపించవచ్చు. అంగుళానికి ఎన్ని పళ్ళ మొనలో చెప్పే అంకె అది.

5. ఉలులు, చేతి డ్రిల్లు, వైస్

ఉలి పిడి ఊడి ఉందని వదలకండి, పిడి కొత్తది చేసుకోవచ్చు. సుత్తి దెబ్బలకి ఇనప గొట్టం అంచు పువ్వులా విచ్చుకుంటే దాన్ని ఎవరో నేరుగా ఇనుము మీదే కొట్టి వాడారన్నమాట. అంచు దగ్గర నీలం రంగు ఉంటే గ్రైండర్ మీద వేడెక్కి అక్కడ ఉక్కు గట్టిదనం పోయిందన్నమాట. ఆ నీలం దాటేదాకా అరగదీస్తే లోపల మంచి ఉక్కు ఉంటుంది. చేతి డ్రిల్లు తిప్పి చూడండి, పళ్ళ చక్రం ఎక్కడా తడబడకూడదు. వైస్ మరని పూర్తిగా తెరిచి మూయండి.

6. అడగాల్సిన మాట అడగండి

గరాజ్ సేల్‌లో అమ్మేది చాలాసార్లు కొడుకో కూతురో. ధర అడిగే ముందు "ఇవి మీ నాన్నగారివా? ఏం పని చేసేవారు?" అని అడగండి. బేరం కోసం కాదు. వాళ్ళకి చెప్పాలని ఉంటుంది, వినేవాళ్ళు ఆ రోజు తక్కువ. ఒకావిడ తండ్రి గురించి చెప్పి, లోపలికెళ్ళి ఆయన మూలమట్టం తెచ్చి చూపించారు. ఉలుల సెట్టుకి ఆవిడ అడిగింది అయిదు డాలర్లు. దాని విలువ అంతకు చాలా ఎక్కువని చెప్పాను. ఒకటి తన దగ్గరే ఉంచుకుని, మిగతావి మేమిద్దరం అనుకున్న ధరకి ఇచ్చారు. తెలిసి కూడా నోరు మూసుకుని అయిదు డాలర్లకి తెచ్చుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

కంపెనీ నడిపే ఎస్టేట్ సేల్‌లో నాలుగైదు వస్తువులు కలిపి ఒక ధర అడగండి. విడివిడిగా తగ్గించనివాళ్ళు కలిపితే తగ్గిస్తారు.

7. ఇంటికి తెచ్చాక

చెక్క పిడులు విప్పేయండి. ఇనప భాగాల్ని తెల్ల వెనిగర్‌లో ఒక రాత్రి ఉంచండి, పొద్దున బ్రష్‌తో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్ళలో కడిగి, వెంటనే ఆరబెట్టి కుట్టు మిషన్ నూనె రాయండి. ఆరబెట్టడం ఆలస్యమైతే గంటలో మళ్ళీ తుప్పు పడుతుంది. రంపం రేకుని మాత్రం నానబెట్టకండి. చెక్క దిమ్మెకి సన్న ఉప్పు కాగితం చుట్టి, నూనెతో చేత్తోనే రుద్దండి. కరెంటు మిషన్‌తో రుద్దితే రేకు మీద చెక్కిన కంపెనీ పేరు పోతుంది.

ఒక జాగ్రత్త. పాత రంగులో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ళకి వేసే సీసపు రంగుల్ని 1978లో నిషేధించారు, పాత పిడుల మీది రంగు అంతకు ముందుదే కావచ్చు. పొడిగా గీకకండి, మాస్కు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇండియాకి తీసుకెళ్ళాలనుకుంటే చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి. ఉలి, రంపం, చిత్రిక బ్లేడు చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు. బ్లేడు విడదీసి మందపాటి అట్టలో చుట్టి, తనిఖీ చేసేవాళ్ళ చేయి కోసుకోకుండా పైన "పదును" అని ఇంగ్లీషులో రాయండి. మొన్న సంక్రాంతికి అలాగే ఒక 5 నంబరు చిత్రిక మా ఊరి వడ్రంగి బాబాయికి తీసుకెళ్ళాను. ముందు అడుగు భాగం అరచేత్తో తడిమారు. తర్వాత బ్లేడు విప్పి, తన సానరాయి మీద పెట్టి, అరగంట మాట్లాడకుండా నూరుతూ కూర్చున్నారు.