నడుము పట్టేసినవారికి బ్లాక్ ఇచ్చే ముందు, ఇచ్చేటప్పుడు

అలిపిరి దారిలో 3,550 మెట్లు. పిల్లవాణ్ణి భుజానికెత్తుకుని ఎక్కినవారిలో ఎవరో ఒకరు రాత్రికి మా అత్యవసర విభాగానికి స్ట్రెచర్ మీద వస్తారు. ‘నడుము పట్టేసింది సార్, పక్కకు తిరగలేను’ అంటారు. డైక్లోఫెనాక్ నొప్పి సూది అప్పటికే పడి ఉంటుంది. అలాంటివారిలో కొందరికి నేను ఎరెక్టర్ స్పైనే ప్లేన్ బ్లాక్ ఇస్తాను, అంటే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వెన్ను కండరానికీ పూస ఎముకకూ మధ్య తిమ్మిరి మందు ఎక్కించడం. దీన్ని వైద్య పత్రికలో మొదట వర్ణించింది 2016లో, అదీ ఛాతీ నొప్పులకు. నడుముకు వాడకం ఆ తర్వాతిది, పెద్ద అధ్యయనాలు ఇంకా తక్కువే. కొత్తగా డ్యూటీకి వచ్చిన డాక్టర్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. మొదటిసారి చేసేటప్పుడు అలవాటున్నవారు పక్కన ఉండాలి.

సూది ముట్టుకోకముందు ఒక ప్రశ్న అడగండి: ‘మూత్రం చివరిసారి ఎప్పుడు వెళ్లారు?’ నా తొలి రోజుల్లో ఒకాయనను ఇది అడగకుండానే మందు నింపుకుంటున్నాను. ‘పొద్దున్నుంచి వెళ్లలేదట సార్’ అని నర్సు చెప్పింది. చూస్తే కూర్చునే చోట స్పర్శ లేదు, వెన్ను కింది నరాలు నొక్కుకుపోయాయేమోనన్న సూచన అది. ఆయనకు కావలసింది బ్లాక్ కాదు, అత్యవసరంగా ఎంఆర్ఐ. జ్వరం, కాళ్లలో బలహీనత, కిందపడిన దెబ్బ, క్యాన్సర్ చరిత్ర, రక్తం పలచబరిచే మాత్రలు, వీటిని కూడా అడగాలి. వయసు మళ్లినవారికైతే అదే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బిందేమో చూడండి. కాళ్ల బలం ముందే పరీక్షించి రాసుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

బోర్లా పడుకోలేకపోతే పక్కకు పడుకోబెట్టండి, బలవంతం వద్దు. ఐవీ లైను, మానిటర్ ముందే ఉండాలి. వంపు ప్రోబ్‌ను వెన్నెముకకు సమాంతరంగా, మధ్యగీతకు మూడు నాలుగు సెంటీమీటర్ల పక్కన పెట్టండి. తుంటి ఎముకల పైఅంచులను కలిపే గీత దాదాపు నాలుగో నడుము పూస దగ్గరికి వస్తుంది. మరీ లోపలికి జరిగితే ఎముక గుట్టలు గుట్టలుగా కనిపిస్తుంది. బయటికి జరపండి. ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్‌లు, అంటే పూసల పక్క కొమ్ములు, దొరికితే వాటి నీడలు త్రిశూలంలా పడతాయి. తిరుపతిలో ఈ పోలిక ఎవరికీ రెండోసారి చెప్పనక్కరలేదు.

చర్మాన్ని శుభ్రం చేసి, తిమ్మిరి మందు ఇచ్చాక, సూదిని ప్రోబ్ గీతలోనే దించి ఎముకకు మెల్లగా తాకించండి. సూది మొన కనిపించకపోతే ముందుకు తోయకండి. ఎముక దాటితే సోయాస్ కండరం, ఆపై మూత్రపిండం. రెండు మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించినప్పుడు కండరం ఎముక నుంచి పైకి లేస్తే సరైన చోటే ఉన్నట్టు. అప్పుడు బ్లాక్ మందు, అంటే 0.25 శాతం బుపివకైన్ 20 మిల్లీలీటర్లు, ప్రతి ఐదింటికీ వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకుంటూ ఇవ్వండి. అంటే 50 మిల్లీగ్రాములు. రెండు వైపులా ఇస్తే 100. కిలో బరువుకు రెండు మిల్లీగ్రాములు దాటనివ్వను. బక్కపలచని అవ్వలకు లెక్క కాగితం మీద వేయండి, నోటి లెక్క వద్దు.

పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో లోహపు రుచి అంటే మందు రక్తంలో ఎక్కువైనట్టు, వెంటనే ఆపాలి. దానికి విరుగుడైన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ గదిలోనే ఉండాలి, ఫార్మసీలో కాదు.

అరగంట తర్వాత కాళ్ల బలం మళ్లీ చూసి, చేయి పట్టుకుని నిలబెట్టండి. మందు లోపలి నరాలకు పాకితే కాళ్లు పట్టు తప్పవచ్చు. ఈ ఉపశమనం కొన్ని గంటలదేనని చెప్పి, మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో రాసివ్వండి. దర్శనం ఇంకా కానివారు ‘మళ్లీ నడిచి ఎక్కవచ్చా?’ అని అడుగుతారు. నేను బస్సు ఎక్కమంటాను.