ఇంటి దగ్గరే కారు సంరక్షణ – పాఠం 6: శుభ్రం చేశాక ఇంజన్ మొరాయిస్తే

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాం: ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద బ్రేక్ క్లీనర్ ఎందుకు కొట్టకూడదు? ఆ సెన్సర్‌లో ఉండేది సన్నని తీగ, లేదంటే పలచని రేకు. దాన్ని కరెంటుతో వేడిగా ఉంచుతారు. పక్కనుంచి పోయే గాలి దాన్ని ఎంత చల్లారుస్తోందో చూసి, ఇంజన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఘాటైన క్లీనర్లు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను తినేస్తాయి, కొన్ని ఆరిపోయాక కంటికి ఆనని పొర వదులుతాయి. పొర కప్పిన తీగకు గాలి సరిగా తగలదు కాబట్టి వెళ్తున్న గాలిని తక్కువ చేసి చెబుతుంది. ఈ సంగతి ఈ పాఠం చివర మళ్ళీ పనికొస్తుంది.

ఇక ఇవాళ్టి విషయం. నిన్నటిదాకా బాగా నడిచిన బండి, క్లీనర్ డబ్బా పట్టుకున్నాక గోల మొదలుపెట్టింది. ఇలాంటప్పుడు పెట్రోలు పంపు పోయిందేమో, కంప్యూటర్ పోయిందేమో అని దూరం పోకండి. మీ చేయి పడిన చోటే ముందు వెతకండి: విప్పిన హోస్, పీకిన కనెక్టరు, స్ప్రే తడిపిన భాగం. ఇంకో మాట. "సరిగా శుభ్రం కాలేదేమో" అనుకుని ఇంకోసారి స్ప్రే కొట్టేవాళ్ళే ఎక్కువ. అది వద్దు. కారణం తెలిసేవరకు డబ్బా పక్కన పెట్టండి.

కోడ్లు చెరిపే ముందు

చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి కోడ్లన్నీ కాగితం మీద రాసుకోండి. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ వేడి, ఆర్‌పీఎం, లోడు ఎంతో కూడా చాలా బళ్ళు దాచిపెడతాయి, అవీ రాసుకోండి. బ్యాటరీ తీగ పీకితే ఇవన్నీ పోతాయి. లైటు నిలకడగా వెలుగుతుంటే తీరిగ్గా చూసుకోవచ్చు. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం ఇంజన్ ఆపేయాలి. గట్టిగా మిస్ కొడుతోందని, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండటం లేదని దానర్థం. కాలని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది.

ఐడ్లింగ్ పెరిగిపోతే

థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసే భాగం) కడిగిన తర్వాత ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, 750 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం 1,200 దగ్గర కూర్చుంటుంది, స్కానర్‌లో పీ0507 కనిపిస్తుంది. బటర్‌ఫ్లై రేకు అంచున మసి పేరుకున్న కొద్దీ గాలి దారి ఇరుకవుతుంది. కంప్యూటర్ ఆ లోటు తీర్చడానికి రేకును కొంచెం కొంచెంగా ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. మీరు మసి తీసేశారు, దానికి మాత్రం పాత లెక్కే గుర్తుంది. అంటే ఇక్కడ పాడైంది ఏమీ లేదు. కొత్త లెక్క నేర్పాలి, అంతే.

అయితే నేర్పే ముందు ఎక్కడా దొంగగాలి (అసలు దారిన కాక లీకుల్లోంచి దూరే గాలి) లేదని తేల్చుకోండి. లీకు ఉండగా నేర్పితే తప్పు లెక్కే నేర్చుకుంటుంది. గాలి గొట్టం రెండు చివర్ల క్లిప్పులూ బిగించి చూడండి. క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు భాగం) నుంచి ఆవిర్లు తెచ్చే పీసీవీ హోస్ మూతి చివరిదాకా కూర్చుందా, కింది వైపు చీలిందా అని వేలితో తడమండి. పాత రబ్బరు పైనుంచి బాగానే కనిపిస్తుంది, వంపు లోపలి వైపు విరిగి ఉంటుంది. థ్రాటిల్ బాడీని మొత్తం విప్పి ఉంటే, దాని గ్యాస్కెట్ గాడిలోంచి జారిందేమో చూడండి.

అన్నీ సరిగ్గా ఉంటే, సాధారణంగా చేసేది ఇది. ఏసీ, లైట్లు, ఫ్యాన్ అన్నీ ఆపండి. తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా 30 సెకన్లు ఉంచండి. తర్వాత స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా వదిలేయండి. ఆపై ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. కొన్ని కంపెనీల బళ్ళకు ఈ వరస వేరుగా ఉంటుంది, కొన్నింటికి స్కానర్‌తోనే చేయాలి. మీ మోడల్ సర్వీస్ పుస్తకంలో ఏముందో అదే ఫైనల్.

తీగతో లాగే పాత రకం థ్రాటిల్ అయితే రేకు ఆగే చోట ఒక చిన్న స్క్రూ ఉంటుంది. ఐడ్లింగ్ తగ్గించాలని దాన్ని తిప్పకండి. అది ఫ్యాక్టరీలో బిగించినది. మీరు చూడాల్సింది ఐడ్లింగ్‌లో గాలిని సర్దే ఐడిల్ వాల్వును.

నేర్పాక కూడా పీ2135 (థ్రాటిల్ సెన్సర్ల లెక్కలు ఒకదానికొకటి కలవడం లేదని) గానీ పీ2112 (రేకు మూసుకుని ఇరుక్కుందని) గానీ వస్తే కథ వేరు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును వేలితో బలంగా నెట్టి ఉంటారు, లోపలి పళ్ళచక్రానికి దెబ్బ తగిలి ఉంటుంది. లేదా క్లీనర్ ఇరుసు వెంట సెన్సర్ వైపు పాకి ఉంటుంది. కనెక్టరు పీకి పిన్నులు తడిగా, వంగి లేవని చూడండి. అవి బాగుంటే థ్రాటిల్ బాడీ మార్చడమే. దాన్ని విప్పి బాగుచేయబోవడం టైం దండగ.

ఫ్యూయల్ ట్రిమ్ చదవడం

ఈ పాఠంలో అసలు నేర్చుకోవాల్సింది ఇదే. ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో ట్రిమ్ చెబుతుంది. షార్ట్ టర్మ్ (ఇప్పటికిప్పుడు చేసే సర్దుబాటు), లాంగ్ టర్మ్ (కొంతకాలంగా నేర్చుకున్నది) రెండూ కలిపి చూడాలి. మొత్తం ప్లస్ 10 దాటితే అనుమానించాలి. ఇంకా పెరిగితే పీ0171 పడుతుంది, అంటే గాలికి సరిపడా పెట్రోలు అందడం లేదని.

ఇంజన్ బాగా వేడెక్కాక రెండు చోట్ల చూడండి: ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి ఇంకోసారి. ఐడ్లింగ్‌లో ప్లస్ 18 ఉండి, రేస్ చేయగానే ప్లస్ 4కి దిగితే ఎక్కడో దొంగగాలి దూరుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే కొంచెం, అందులో చిన్న కన్నం వాటా పెద్దది. రేస్ చేస్తే అసలు గాలి పెరిగి ఆ వాటా లెక్కలోకి రాదు. ఆర్‌పీఎం పెరిగిన కొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే, ఎయిర్‌ఫ్లో సెన్సర్ తక్కువ చూపిస్తోంది, లేదా పెట్రోలు సరిపడా రావడం లేదు.

ఒక హెచ్చరిక. చిన్న కార్లలో చాలావాటికి ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉండదు, మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సరే ఉంటుంది. వాటిలో దొంగగాలి దూరితే ట్రిమ్ పెద్దగా కదలకపోవచ్చు, ఐడ్లింగ్ పెరుగుతుంది. ముందు మీ బండిది ఏ రకమో తెలుసుకోండి.

కడిగాక మిస్ కొడుతుంటే

నీళ్ళతో, డీగ్రీజర్‌తో కడిగిన ఇంజన్ మిస్ కొట్టిందంటే స్పార్క్ ప్లగ్గు గుంటల్లో నీళ్ళు చేరి ఉంటాయి. పీ0302 అంటే రెండో సిలిండర్. ఇంజన్ చల్లారాక ఆ ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ పీకి టార్చ్ వేసి గుంటలోకి చూడండి. నీళ్ళుంటే ముందు గాలి కొట్టి ఆరబెట్టి, తర్వాతే ప్లగ్గు విప్పండి. వరస మార్చారా, ఆ మురికంతా సిలిండర్‌లోకి జారుతుంది.

ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద, పైనుంచి ఇనుప భాగం దాకా పెన్సిల్ గీత లాంటి నల్లగీత ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి. కరెంటు పక్కదారి పట్టిన జాడ అది. తుడిస్తే పోదు. ప్లగ్గు మార్చాలి, కాయిల్ రబ్బరు లోపల కూడా అదే గీత ఉంటే రబ్బరూ మార్చాలి. గీతలేవీ లేకపోతే రెండో కాయిల్‌ను మూడో దానితో మార్చి నడపండి. కోడ్ పీ0303కి మారితే తప్పు కాయిల్‌దే. అక్కడే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టర్ కనెక్టరు చూడాలి.

అసలు స్టార్ట్ కాకపోతే

థ్రాటిల్‌లో క్లీనర్ ఎక్కువ పోస్తే ఇంజన్ తడిసిపోతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఐదు నుంచి పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. చాలా బళ్ళలో అప్పుడు ఇంజెక్టర్లు మూసుకుని గాలి మాత్రమే లోపలికి పోతుంది. సెల్ఫ్ మోటారు చల్లారనిచ్చి మళ్ళీ ఓసారి. ఇంజన్ ధడ్‌మని ఆగిపోతే మాత్రం రెండోసారి కొట్టకండి. సిలిండర్‌లో ద్రవం నిలిచి ఉండొచ్చు. ద్రవం గాలిలా కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులన్నీ విప్పి, ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకి, అప్పుడు తిప్పితే లోపలిది బయటికి చిమ్ముతుంది. మొహం పక్కకు పెట్టుకోండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

అభ్యాసం

1. మీ బండి ఏ సమస్యా లేకుండా ఉన్నప్పుడే ఐడ్లింగ్‌లో, 2,500 దగ్గర ట్రిమ్‌లు, ఎయిర్‌ఫ్లో రీడింగ్ రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో ఇంజన్ ఆయిల్ ఫ్లష్ చెబుతాం, దానికి ముందు ఈ కాగితం చేతిలో ఉండాలి.

2. నాలుగు సిలిండర్ల 1.5 లీటర్ల పెట్రోలు ఇంజన్. థ్రాటిల్ బాడీ, ఎయిర్‌ఫ్లో సెన్సర్ రెండూ ఒకే డబ్బా థ్రాటిల్ క్లీనర్‌తో శుభ్రం చేశారు. ఐడ్లింగ్ 760, నిలకడగా ఉంది. ట్రిమ్ ఐడ్లింగ్‌లో ప్లస్ 5, 2,500 దగ్గర ప్లస్ 19. కోడ్ పీ0171. ముందు ఏది చూస్తారు? ఏది చూడనక్కర్లేదు, ఎందుకని? జవాబు పాఠం 7లో.