రేపటి గురించిన దిగులు: అనంతపురం ఇళ్లకు సమస్య - పరిష్కారం

సమస్య: రాత్రి ఫోనులో వరదలు, యుద్ధాలు, మండే ఎండల వార్తలు చూసి పడుకుంటే గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టదు.

కారణం: ఎక్కడో జరిగిన ప్రమాదాన్ని కూడా శరీరం గుమ్మం ముందుకు వచ్చినట్టే భావించి మేల్కొని ఉంటుంది, ఆ వేళ చేయగల పని మాత్రం ఏదీ ఉండదు.

పరిష్కారం: వార్తలకు పగటిపూట ఒక వేళను కేటాయించి, ఫోనును పడక గదికి దూరంగా ఉంచాలి. వాన, పిడుగు హెచ్చరికలను మాత్రం వదులుకోకూడదు.

సమస్య: "మన పిల్లల నాటికి నీళ్లుంటాయా?" అన్న భయం మనసును విడవదు.

కారణం: ఈ భయానికి ఆధారం ఉంది కనుక, ఊరికే కంగారు పడకండని చెప్పడం నాకు సరైనదిగా తోచదు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో, అంటే కొండలు వాన మబ్బులను అడ్డుకునే వైపున ఉన్న మన జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కుతుంది, బోర్లు ఎండిపోవడం ఎన్నో కుటుంబాలు చూసినదే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369లో విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలతో పాటు ఆరు దోషాలను కూడా చెబుతుంది. నీరు తక్కువగా ఉండి సాగుభూమి ఎక్కువగా ఉండడం వాటిలో ఒకటి. ఈనాటి మన ఇబ్బందికి మూలం కూడా అదేనని నా నమ్మకం.

పరిష్కారం: మిద్దె నుంచి మొదలుపెట్టాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరవుతుంది. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదికి 55,000 లీటర్లు పడతాయి, ఐదో వంతు వృథాగా పోయినా 44,000 లీటర్లు మిగులుతాయి. తొలి వాన నీటిని బయటికి వదిలేసి, ఆ తరువాతి నీటిని గొట్టం ద్వారా కంకర, ఇసుక నింపిన ఇంకుడు గుంతకు మళ్లించాలి. మరుగుదొడ్డి గుంతకు మాత్రం అది దూరంగా ఉండాలి. వారంలో కొన్ని పూటలు వరి అన్నానికి బదులు కొర్రన్నమో రాగి సంగటో వండుకుంటే, వానాధారంగా ఈ నేలలో పండే పంటకు గిరాకీ పెరుగుతుంది.

సమస్య: "నేనొక్కడినే చేస్తే ఏమవుతుంది?" అన్న నిస్పృహ, లేదా ప్లాస్టిక్ సంచి పట్టుకున్నా తప్పు చేసినట్టు బాధ.

కారణం: లోకం మొత్తం లెక్కను ఒక్కరే మోయబోవడం.

పరిష్కారం: ఫలితం ఇంట్లోనే కనిపించే పనిని ఎంచుకోవాలి. 75 వాట్ల పాత ఫ్యాను స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాను పెడితే కరెంటు బిల్లే సాక్ష్యం చెబుతుంది. ఒక ఇంటి చేతిలో లేని చెరువు పూడికతీత, వంకల ఆక్రమణ వంటి విషయాలను ఇరుగుపొరుగుతో కలిసి గ్రామసభలో అడగాలి. దిగులును నలుగురితో పంచుకోవడం అక్కడే మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

సమస్య: ఇవన్నీ చేసినా రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి, పని దెబ్బతింటున్నాయి.

పరిష్కారం: ఇక ఇంటి వైద్యంతో కాలం గడపకుండా మానసిక వైద్యులను కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదని ఎవరైనా అంటే, వారిని ఒంటరిగా వదలకుండా పక్కనే కూర్చుని ఆ నంబరుకు మీరే ఫోను చేయండి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.