సంఘం కోసం మొదటి మారథాన్: కాళ్లతో పాటు నోరూ సిద్ధం చేసుకోండి

లండన్‌కు పడమర రెడింగ్‌లో మాకో చిన్న హిందూ సంఘం ఉంది. సొంత గుడి లేదు. ఒక హాలు అద్దెకు తీసుకుని వినాయక చవితి, బతుకమ్మ, శ్రీరామనవమి చేసుకుంటాం. నెలకు రెండు ఆదివారాలు పెద్దవాళ్లకు భోజనం పెడతాం. పిల్లల దగ్గర ఉందామని ఈ దేశం వచ్చి, పగలంతా ఇంట్లో ఒంటరిగా కూర్చునే అమ్మానాన్నలు వాళ్లు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడే చలికాలంలో, నలుగురితో తెలుగులో మాట్లాడుకునేది వాళ్లకు ఆ రోజే. అద్దె పెరిగి ఆ భోజనాలు ఆగిపోయేలా ఉన్నప్పుడు, 43 ఏళ్ల వయసులో, స్కూలు వదిలాక ఎన్నడూ పరుగెత్తని నేను లండన్ మారథాన్‌కు పేరిచ్చాను. మీరూ మీ సంఘం కోసం పరుగెత్తాలనుకుంటే, నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది అనిపించినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు చోటు సంపాదించాలి. లండన్ పరుగుకు లాటరీ ఉంటుంది. 2026 పరుగుకు 11 లక్షల మందికి పైగా పేర్లిచ్చారు కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోకండి. పెద్ద ఛారిటీల దగ్గర కొన్ని చోట్లు ఉంటాయి, కానీ అవి తమ కోసం ఇంత మొత్తం తెస్తామని మాట ఇచ్చినవాళ్లకే ఇస్తాయి. నాకు అదృష్టం కొద్దీ లాటరీలోనే వచ్చింది. అలా వచ్చిన చోటుతో మనకు నచ్చిన సంఘానికి డబ్బు పోగుచేయవచ్చు. రాకపోతే మాంచెస్టర్, బ్రైటన్ మారథాన్లకు రుసుము కట్టి పేరివ్వండి. ఎక్కడ పరుగెత్తినా 42.195 కిలోమీటర్లే, దాతలు అంతే ప్రేమగా ఇస్తారు.

తర్వాత కాగితాల పని. మీ సంఘానికి ఛారిటీ నమోదు ఉందా, పన్నుల శాఖ దగ్గర గిఫ్ట్ ఎయిడ్‌కు గుర్తింపు ఉందా అని కోశాధికారిని అడగండి. ఇక్కడ పన్ను కట్టే దాత 100 పౌండ్లు ఇచ్చి గిఫ్ట్ ఎయిడ్ గడిలో టిక్ పెడితే, ప్రభుత్వం నుంచి సంఘానికి ఇంకో 25 పౌండ్లు వస్తాయి. నగదు ఇచ్చేవాళ్ల కోసం స్పాన్సర్‌షిప్ ఫారం దగ్గర పెట్టుకోండి. అందులో దాత పూర్తి పేరు, ఇంటి చిరునామా, పోస్ట్‌కోడ్ ఉండాలి. పన్ను కట్టని వాళ్ల చేత టిక్ పెట్టించకండి. చూడటానికి వచ్చిన అత్తగారు ఇచ్చిన డబ్బుకు అది వర్తించదు. పులిహోర, గారెలు అమ్మితే వచ్చేదీ అంతే, అది వస్తువుకు కట్టిన ధర కదా.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతికి వస్తాను. నాకు పరుగు కంటే అడగడమే బరువనిపించింది. చెయ్యి చాచడం మన ఇళ్లలో నేర్పరు. మొదట వాట్సాప్ గ్రూపులో అందరికీ కలిపి ఒక సందేశం పెట్టాను. 140 మంది చూశారు, దణ్ణం గుర్తులు చాలా వచ్చాయి, డబ్బు ఇచ్చింది నలుగురే. తర్వాత రోజుకు ఇద్దరి చొప్పున విడివిడిగా ఫోన్ చేయడం మొదలుపెట్టాను. "అన్నయ్యా, మన పెద్దవాళ్లకు ఒక పూట భోజనం, వ్యాన్ ఖర్చు కలిపి మనిషికి 6 పౌండ్లు అవుతోంది. ఎంతమందికి పెడతారు?" అని అడిగాను. అలా అడిగితే ఎవరూ నొచ్చుకోలేదు. పదిమందికి పెడతాను అన్నవాళ్లూ ఉన్నారు. లెక్కను అన్నంలోకి మార్చి చెప్పండి. "సంఘం అభివృద్ధికి" అంటే ఎవరి కళ్ల ముందూ ఏమీ కదలదు.

విరాళాల కోసం ఆన్‌లైన్‌లో తెరిచిన పేజీలో మొత్తాలు 10, 20, 50 అని కాకుండా 11, 51, 116 పెట్టాను. నూటపదహార్లు చూడగానే మనవాళ్ల ముఖం వెలిగేది. అసలు ఎంత ఇవ్వాలన్న తటపటాయింపే పోయింది. మొదటి మూడు విరాళాలు మీకు బాగా దగ్గరివాళ్ల చేత ముందే వేయించండి, ఎందుకంటే తర్వాత వచ్చేవాళ్లు పైన ఉన్న అంకె చూసే తమది నిర్ణయించుకుంటారు. ఇంకొకటి కూడా చేశాను: ఒక్కో కిలోమీటరును ఒక్కో కుటుంబానికి ఇచ్చాను. 42 కుటుంబాలు. పరుగు ముందురోజు వాళ్ల గోత్రనామాలతో అర్చన చేయించాను. ఆ పేర్ల చీటీ ప్లాస్టిక్ కవరులో పెట్టి నడుం పట్టీలో పెట్టుకున్నాను. ఆఫీసులో కూడా అడగండి. ఉద్యోగి పోగుచేసినంత తామూ కలిపే కంపెనీలు చాలా ఉన్నాయి. అయితే మత సంస్థలకు ఇవ్వకూడదన్న నియమం కొన్నిటిలో ఉంటుంది, ముందే కనుక్కోండి.

ఇక పరుగు. ఏప్రిల్ చివర్లో పరుగు కాబట్టి ముందటి వేసవిలోనే మొదలుపెట్టాను. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. శనివారం పొద్దున తొమ్మిదింటికి పార్కుల్లో ఉచితంగా జరిగే పార్క్‌రన్‌లో 5 కిలోమీటర్లు. డిసెంబరుకు 10 కిలోమీటర్లు ఆగకుండా వచ్చాయి. అక్కడి నుంచి 20 వారాలు: వారానికి మూడు చిన్న పరుగులు, ఆదివారం ఒక పెద్ద పరుగు. పెద్ద పరుగును మూడు వారాలు కొంచెం కొంచెం పెంచి, నాలుగో వారం తగ్గించాలి. 30 కిలోమీటర్ల వరకు చేరితే చాలు. చివరి మూడు వారాలు దూరం తగ్గించి కాళ్లను కోలుకోనివ్వాలి. వేగం ఎంత ఉండాలని అందరూ అడుగుతారు. పరుగెడుతూ హనుమాన్ చాలీసా పైకి చదవగలగాలి. రెండు పంక్తులకే ఊపిరి అందకపోతే వేగం తగ్గించండి.

శాకాహారులు, ముఖ్యంగా ఆడవాళ్లు, మొదలుపెట్టే ముందే ఐరన్, బి12 పరీక్ష చేయించుకోండి. నాకు ఐరన్ తక్కువ ఉందని నవంబరులో తేలింది. అప్పటిదాకా ఆయాసమంతా వయసు వల్లే అనుకుని బాధపడ్డాను.

ఉపవాసాల విషయంలో పెద్ద తప్పు చేశాను. శివరాత్రికి ఉపవాసం, జాగారం చేసి మర్నాడే 24 కిలోమీటర్లకు బయలుదేరాను. 17వ కిలోమీటరు దగ్గర కళ్లు తిరిగి కాలువ గట్టు మీద కూర్చుండిపోయాను. మా ఆయన కారు తెచ్చి తీసుకెళ్లారు. క్యాలెండరులో ఏకాదశులు, శివరాత్రి ముందే గుర్తు పెట్టుకుని, పెద్ద పరుగును వాటికి రెండు మూడు రోజుల దూరంలోకి జరపండి.

తినేదానికి ఇడ్లీ సాటిది లేదు. పరుగుకు మూడు గంటల ముందు నాలుగు ఇడ్లీలు, కొంచెం తేనె. చట్నీ వద్దు. దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. పరుగువాళ్ల కోసం దుకాణంలో దొరికే తియ్యటి జెల్ నా కడుపుకు పడలేదు. అర లీటరు నీళ్లలో 40 గ్రాముల బెల్లం, చిటికెడు ఉప్పు, శొంఠి, ఏలకుల పొడి వేసి వడకట్టుకున్నాను. మన పానకమే, మిరియాలు లేకుండా. దాంతో పాటు ఖర్జూరాలు. దారి పొడవునా జనం ప్రేమతో జెల్లీ మిఠాయిలు అందిస్తారు. వాటిలో తరచూ జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, శాకాహారులైతే తీసుకోకండి. నీళ్లు కూడా దాహం వేసినంతే. భయపడి అతిగా తాగితే రక్తంలో ఉప్పు పడిపోయి ప్రమాదం.

బూట్లు మామూలు సైజు కంటే అర సైజు పెద్దవి, కనీసం రెండు పెద్ద పరుగుల్లో వాడినవి. ఒరుసుకునే చోట్లన్నిటా వాజలిన్. పరుగు రోజు కొత్తది ఏదీ వేసుకోవద్దు, తినవద్దు.

పరుగు మొదలయ్యే గ్రీనిచ్ నుంచి మొదటి మూడు మైళ్లు పల్లంగా ఉంటుంది, జనం కేకలు వేస్తుంటారు, కాళ్లు వాటంతట అవే పరుగెడతాయి. అక్కడ వేగాన్ని పట్టి ఉంచండి. సుమారు 10వ కిలోమీటరు దగ్గర కట్టీ సార్క్ ఓడ, 20 దగ్గర టవర్ బ్రిడ్జి. మీవాళ్లను వంతెన మీద నిలబడమనకండి, ఆ రద్దీలో ఒకరికొకరు కనపడరు. వంతెన దాటాక హైవే అనే రోడ్డు ఉంది. అందులో మనం సగం దూరం దగ్గర వెళతాం, సుమారు 35 కిలోమీటర్ల దగ్గర తిరిగి వస్తాం. ఒకే చోట నిలబడి రెండుసార్లు చూడొచ్చు. మా సంఘం పిల్లలు భజన తాళాలు పట్టుకుని అక్కడే నిలబడ్డారు. రెండోసారి వచ్చేసరికి నా పిక్కలు పట్టేసి నడుస్తున్నాను. "గోవిందా" అని వాళ్లు అరిస్తే "గోవింద" అన్నాను, ఏడుపొచ్చింది, మళ్లీ పరుగు అందుకున్నాను. ఆ తర్వాత ప్రతి కిలోమీటరుకూ చీటీ తీసి ఆ ఇంటి పేరు చదువుకున్నాను. 5 గంటల 38 నిమిషాలకు ద మాల్ అనే రోడ్డు మీద ముగింపు గీత దాటాను.

పేజీని అప్పుడే మూసేయకండి. పతకంతో ఫోటో పెట్టిన వారంలో నాకు ఇంకో 640 పౌండ్లు వచ్చాయి, మొత్తం 3,380 అయింది. ఇచ్చిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి థాంక్స్ చెప్పండి. ఎంత వచ్చింది, గిఫ్ట్ ఎయిడ్ ఎంత, ఏ ఆదివారం ఎంత ఖర్చయింది అన్న లెక్క కాగితం మీద రాసి హాల్లో అంటించండి. మేం దాన్ని భోజనాల బల్ల పక్కనే, పెద్దవాళ్లకు కనపడేలా పెద్ద అక్షరాల్లో అంటించాం.